గొంతు మార్చను

మైసూరు ల్యాబులో తయారవుతున్న ఆ టెలిఫోన్ యంత్రం, మందాకిని నోరు తెరిస్తే చాలు, లైను తెంపేసేది. ఆమె మాటల్లో ఎక్కడో ఒకచోట ఫోను మీద అంకెల బొత్తాం నొక్కిన మోత వినిపించిందని భ్రమపడేది. ఆ మోతను పసిగట్టే ప్రోగ్రాం రాసింది కూడా ఆమే. అందుకే మరీ మంట.

తప్పెక్కడుందో వెతికితే దొరికింది. మూడేళ్లుగా యంత్రానికి వినిపించిన పరీక్ష టేపులన్నీ సాయంత్రం క్యారమ్స్ బల్ల దగ్గర చేరే మగవాళ్లు పేపరు చదివి రికార్డు చేసినవే. ఆడగొంతు ఒక్కటీ లేదు.

"సోమవారం యంత్రాన్ని చూడ్డానికొచ్చే ఢిల్లీ వాళ్ల ముందు మన టేపుల్లో చదివిన బసవరాజు మాట్లాడతాడు, నువ్వు పక్కన నిలబడమ్మా," అన్నాడు పెద్దసారు శ్రీకంఠయ్య. "లేదంటే కాస్త గొంతు తగ్గించడం నేర్చుకో."

"ఈ ఫోను వాడబోయే ఊళ్లల్లో ఆడవాళ్లందరికీ నేర్పిస్తారా సార్? నేను గొంతు మార్చను. లెక్క మారుస్తాను."

మార్పు చిన్నదే. మనిషి గొంతులో ఏ స్వరం పలికినా దాని రెట్టింపు స్వరం కూడా వెంట ఉంటుంది; బొత్తాం మోతలో ఉండదు. అది కూడా చూసుకుంటే యంత్రం మోసపోదు. కానీ చూసుకోవడానికి యంత్రంలోని చిప్పుకు తీరికేదీ? మాటను కుదించి సన్నటి లైనులో పంపే పనే దాని సమయమంతా మింగేస్తోంది. ఆ కుదింపు ప్రోగ్రాం శ్రీకంఠయ్య సొంత రాత. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మందాకిని ఆయనకు చెప్పి మరీ వేసింది. చేసిందే మళ్లీ చేస్తున్న గుణకారాలు పదకొండు పీకేసి, ఆ మిగిలిన తీరికలో తన లెక్క ఇరికించింది. ఆయన రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు.

సోమవారం బసవరాజు ముందు పెట్టిన ఫోను మందాకిని ఎవర్నీ అడక్కుండా అందుకుంది. లైను తెగితే ఈ ల్యాబులో తనకు చోటుండదని ఆమెకు తెలుసు. అవతలి గదిలో రెండో ఫోను దగ్గర క్యాంటీన్ గంగవ్వను ముందే కూర్చోబెట్టింది. గంగవ్వ వంటింట్లో మాట్లాడితే గేటు దగ్గర వినిపిస్తుంది. రాగిముద్ద నిన్న రాయిలా ఉందని మందాకిని, నీ పళ్లే అరిగాయని గంగవ్వ, ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఒక్క ముక్క అర్థంకాని ఢిల్లీ వాళ్లు నవ్వుతూ రాసుకున్నారు. లైను తెగలేదు.

శ్రీకంఠయ్య ఇక చాలన్నట్టు చెయ్యి చాచాడు. మందాకిని ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"మీరూ మాట్లాడండి సార్. గొంతు మాత్రం తగ్గించకండి."