డెబ్బై మూడు తర్వాత

ఉదయం ఏడు కూడా కాలేదు. రిటైరై రెండేళ్లయినా ఆయనకి ఇస్త్రీ చొక్కా లేనిదే పార్కులో నడక సాగదు. అంచేత ఆవిడ వంటింటి పక్కన బల్ల మీద ఆ చొక్కా కాలరు సాపు చేస్తోంది. రోజంతా పెద్దాసుపత్రి లాండ్రీలో వందలకొద్దీ దుప్పట్లతో వేగే మనిషికి ఇంట్లో కూడా ఇస్త్రీపెట్టె తప్పదా అంటే, తప్పదు. "నీది చెయ్యి తిరిగిన పని కదా" అని పొగిడి మరీ చేయించుకుంటాడు. పొగడ్తకి ఖర్చేముంది, కావలసినంత పొగుడుతాడు.

"ఆ ఫండు ఫారం ఇవాళ ఇచ్చెయ్. పాత పద్ధతే కొనసాగించు అన్నచోట టిక్కు పెట్టాను. కింద సంతకం పెడితే చాలు" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"ఒకసారి చదివి పెడతానండీ."

"చదివి ఏం చేస్తావు? లెక్కలు నాకొదిలెయ్. నీకెందుకా తలనొప్పి!"

ముప్పై నాలుగేళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. లెక్కలు ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పెళ్లయిన కొత్తలో ఈవిడ వేళ్ల మీద ఏదో చిల్లర కూడుతుంటే అత్తగారు నవ్వి, "లెక్కలాయన ఇంట్లో ఉండగా నీకు వేళ్లెందుకమ్మా?" అంది. అందరూ నవ్వారు, ఈవిడా నవ్వింది. ఆ నవ్విన పాపానికి ఇరవై ఆరేళ్లుగా జీతంలోంచి కోసి రిటైర్మెంటు ఫండులో వేసే సొమ్ము ఎక్కడ కూర్చుందో, ఏం చేస్తోందో ఈవిడకి తెలీదు. మూడేళ్లకోసారి ఆసుపత్రి వాళ్లు ఫారం ఇస్తారు: మీ సొమ్ములో ఎంత షేర్ల ఫండ్లలో పెట్టాలి, ఎంత బాండ్లలో, ఎంత బ్యాంకు డిపాజిట్లో పెట్టాలి అని. ఆయన నింపుతాడు, ఈవిడ సంతకం పెడుతుంది. ఈసారి గడువు రేపు మధ్యాహ్నం. అది దాటితే మళ్లీ మూడేళ్లకి. ఈవిడకి యాభై మూడు, రిటైరయ్యేది యాభై ఎనిమిదికి.

భోజనాల వేళ రెండో అంతస్తు మెట్లెక్కింది. ఫండు సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి, పెద్ద కళ్లజోడూ చిన్న మొహమూ. ఆసుపత్రి మొత్తం ఈవిడని పిలిచే పేరే ఆ అమ్మాయీ పిలిచింది.

"రండి మడతక్కా, కూర్చోండి. పాతదే ఉంచమంటారా? ఒక్క నిమిషం, చూస్తాను." కంప్యూటర్ వైపు చూసి మొహం చిట్లించింది. "అక్కా, మీకేమైనా ఒంట్లో బాగోలేదా?"

"రాయిలా ఉన్నాను. ఏం?"

"ఈ డబ్బు ఏ వయసు దాకా కావాలి అన్నచోట డెబ్బై మూడు అని ఉంది. మొత్తం బాండ్లే. నెలనెలా ఇంత తీసుకుంటారని కూడా రాశారు. సరిగ్గా డెబ్బై మూడో ఏట మీ ఖాతా సున్నా అవుతుందక్కా. పైసా మిగలదు. భలే కచ్చితంగా వేశారెవరో! తర్వాతకి ఇంకేమైనా ఉందా మీకు?"

తర్వాత. ఉన్నవేమిటో ఈవిడ మనసులోనే లెక్కపెట్టుకుంది. ఇల్లు అద్దెది. ఆయన చేసింది ప్రైవేటు బడిలో, సొంతంగా కట్టుకున్న బీమా పింఛను ఆయన ఉన్నంతవరకే, ఆ సంగతి మాత్రం తెలుసు. ఆయన రిటైరైనప్పుడు వచ్చినదంతా కొడుకు దుకాణానికి పెట్టుబడి పెట్టాడు.

"మీ అమ్మగారు ఉన్నారా అక్కా?"

"ఉంది. ఎనభై తొమ్మిది."

"మరింకేం, మీదీ గట్టి పిండమే అయ్యుంటుంది" అని నవ్వబోయి, ఈవిడ మొహం చూసి ఆగిపోయింది ఆ పిల్ల.

అమ్మ అన్నయ్య ఇంట్లో ఉంటుంది. నాన్న పోయి పందొమ్మిదేళ్లు. అన్నయ్య చెడ్డవాడు కాదు, వదినా గయ్యాళి కాదు. అయినా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ముందు వానల గురించి, తర్వాత మోకాళ్ల గురించి, మనవల చదువుల గురించి తిప్పితిప్పి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి, "నీకిబ్బంది లేకపోతేనే సుమా, ఒక చెప్పుల జత" అంటుంది. చెప్పుల జత! ఆరుగురు బిడ్డల్ని మోసి, ఆ ఇంటి చాకిరీ అంతా చేసిన మనిషి తన కాళ్లకి చెప్పులు కావాలని దొంగతనం చేసినట్టు అడుగుతుంది. పందొమ్మిదేళ్లుగా అడుగుతూనే ఉంది. ఆ గొంతు ఈవిడ చెవుల్లో మోగింది, కాకపోతే అది అమ్మ గొంతులా లేదు, తన గొంతులాగే ఉంది. భయం వేసింది. పచ్చి భయం.

"కొత్త ఫారం ఒకటియ్యమ్మా" అంది.

ఆ పిల్ల ఇచ్చి, ఓపిగ్గా చెప్పింది. బాండంటే మన డబ్బు అప్పివ్వడం, చెప్పిన వడ్డీ వస్తుంది, గడువుకి అసలు వస్తుంది, పెద్దగా ఒడిదుడుకులుండవు. కానీ ధరలు పెరుగుతూ పోతే ఇరవై ఏళ్లలో ఆ డబ్బు కొనగలిగేది సగం కూడా ఉండదు. షేర్ల ఫండంటే పది మంది డబ్బుతో కలిపి నానా కంపెనీల్లో తలా కాస్త వాటా కొనడం. ఏళ్ల మీద పెరిగే అవకాశం ఎక్కువ, కానీ ఒక్కో ఏడు దబ్బున పడుతుంది కూడా. "మీరు రిటైరైన ఏడే పడితే, అప్పుడే తీసుకోవాల్సొస్తే కష్టమక్కా. అందుకే రెండూ ఉండాలి. ఎంతెంత అన్నది మాత్రం నేను చెప్పకూడదు, మీరే రాయాలి."

మీరే రాయాలి. మంచి మాటే! అయితే యాభై మూడేళ్లలో ఈవిడకి ఎవరూ చెప్పని మాట చెప్పి, రేపు మధ్యాహ్నం దాకా గడువిస్తే ఎలా?

సాయంత్రం ఆయన టీ తాగుతూ టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. ఈవిడ ఎదురుగా కూర్చుంది. దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది.

"నా ఫారంలో డెబ్బై మూడు అని ఎందుకు రాశారండీ?"

"ఏ డెబ్బై మూడు? ఓ, అదా!" మాస్టారు మొహం వెలిగింది. ఆ లెక్క అంటే ఆయనకి ఇప్పటికీ ముద్దే. "నాకు ఎనభై వేసుకున్నాను. మా నాన్నా అంతే, తాతా అంతే. నీకూ నాకూ ఏడేళ్లు తేడా. ఎనభైలోంచి ఏడు తీసెయ్, డెబ్బై మూడు. నెలకింత చొప్పున సరిగ్గా సరిపోయేట్టు వేశాను. ఒక్క పైసా శేషం లేదు, చూశావా?"

"మరి ఆ తర్వాత?"

"తర్వాతేముంది?" టీ గుటక వేసి, స్కోరు చూస్తూ, ఎంతో మామూలుగా అన్నాడు. "నేనే ఉండను, ఇంక ఖర్చేముంటుంది?"

కసితో అన్నా బాగుండేది, దెబ్బలాడేది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఆరేళ్ల కిందట పెన్ను పట్టుకుని, శ్రద్ధగా, తప్పు రాకుండా రెండుసార్లు సరిచూసుకుని మరీ అలా అనుకున్నాడు. ఆ లెక్కలో ఈవిడ ఉండటం మర్చిపోలేదు కూడా, ఆయన ఉన్నంతకాలం ఉంది. ఈవిడకి ఏడుపు రాలేదు. కప్పు తీసుకుని వెళ్లి కడిగింది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

మర్నాడు లాండ్రీలో మడతల బల్ల చివర ఫారం పరుచుకుంది. వెనక యంత్రాలు గిరగిర తిరుగుతున్నాయి, ఆవిరికి కాగితం మెత్తబడుతోంది. మొదటి ప్రశ్న: మీ ఫండు విలువ ఒక్క ఏడాదిలో పావు వంతు పడిపోతే ఏం చేస్తారు? వెంటనే అమ్మేస్తాను, కొంత అమ్ముతాను, వేచి చూస్తాను. ఏడుస్తాను అన్న గడి లేదు. 'వేచి చూస్తాను' దగ్గర టిక్కు పెట్టి, ఏడుపు సంగతి తన దగ్గరే ఉంచుకుంది.

తర్వాతది ఎంతెంత అన్న ప్రశ్న. అక్కడ చెయ్యి ఆగిపోయింది. తప్పయితే? ఉన్నదీ పోతే? "చెప్తే విన్నావా?" అని మిగతా జీవితమంతా వినాల్సొస్తే? తల పైకెత్తితే ఎదురుగా అలమర నిండా దుప్పట్లు. మంచానికి మూడు దుప్పట్లు, అదీ ఇక్కడి పద్ధతి. పరుపు మీద ఒకటి, అలమరలో ఒకటి, ఉతుకులో ఒకటి. వార్డు నుంచి ఎంత కేకలేసినా డ్రమ్ములోంచి తడి దుప్పటి తీసి ఎవరూ పరవరు, అలమరలోది పంపుతారు. పద్దెనిమిదేళ్లుగా ఈ అలమర ఖాళీ కాకుండా చూసింది తనే కదా! రిటైరైన మొదటి రెండేళ్ల తిండికి బ్యాంకు డిపాజిట్, అది పరుపు మీది దుప్పటి. ఆ తర్వాత ఎనిమిదేళ్లకి బాండ్లు, అది అలమర. ఆ పైన మిగిలిందంతా షేర్ల ఫండు, అది ఉతుకులోది, తిరగనీ, పదేళ్ల దాకా ముట్టుకునేది లేదు. వేళ్ల మీద లెక్కేసింది. మూడుసార్లు లెక్కేసింది. మూడుసార్లూ ఒకటే వచ్చింది. భయం మాత్రం తగ్గలేదు, భయంతోనే రాసింది.

చివరి గడి: ఈ డబ్బు మీకు ఏ వయసు దాకా కావాలి?

అప్పుడే ఫోన్ మోగింది. ఆయనే.

"నీలం చొక్కా ఎక్కడ పెట్టావు? సరేగానీ, ఫారం ఇచ్చేశావా?"

"ఇస్తున్నానండీ. కొత్తది నింపాను, నేనే. ఆఖరి గడి మిగిలింది."

"నువ్వా? ఏ వయసు వేస్తున్నావు?"

"తొంభై రెండు."

"తొంభై రెండా!" ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఎక్కడో ఆగింది, మనసులో తీసివేత వేసుకున్నట్టున్నాడు. గొంతు చిన్నదయింది. "అంటే, నా తర్వాత పందొమ్మిదేళ్లు. అన్నేళ్లు ఒక్కదానివీ ఏం చేస్తావు?"

"తెలీదండీ" అంది ఆవిడ, అంకె వేస్తూ. "నాకేం కావాలో ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాస్త ఆలోచించుకోనివ్వండి."