పడుగు పరిచిన వీధి

1961 జూలై తొమ్మిది. ఆ రోజు తిన్నది సర్వపిండి. ఎదురింటి భూమవ్వ పంపింది. అడుగు కాస్త మాడింది, ఆ మాడిన చోటే రుచిగా ఉంది.

ధర్మపురిలో మాది సాలెలు ఉండే వీధి. మగ్గాలు సరిగా సాగక, ఆడవాళ్లు భూమవ్వ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవారు. పని చేతులకే గనక, ఎవరో ఒకరు పుస్తకం చదివి వినిపించాలి. చదివేది నా భార్య అనసూర్య. ఆమె పోయాక ఆ పీట నాకిచ్చారు.

అనసూర్యకు ప్రాణం తలారి కొమరన్న పుస్తకాలు. కాకతీయుల కాలంలో హత్యల గుట్టు విప్పే ముసలి తలారి కథలవి. నాసిరకం కాగితం, చవక అచ్చు; చదువుకున్నవాళ్లలో వాటి పేరెత్తినవాళ్లే లేరు. కాలేజీలో చదివిన నేను ఆమె బతికుండగా ఒక్కటీ ముట్టలేదు. ఇప్పుడు కూడా కండువా కింద దాచి వీధి దాటేవాణ్ణి. అనవసరం అనిపించిన చోట పేజీలు తిప్పేసేవాణ్ణి.

ఆ సాయంత్రం కథ చివరికొచ్చింది. వర్తకుణ్ణి రాత్రి ఎవరో చంపారు. తాను తెల్లవారాకే, సాలెవీధి గుండా బండిలో ఊళ్లోకి వచ్చానంటాడు అతని తమ్ముడు. కొమరన్న అతని చెయ్యి పట్టుకుని అడుగుతాడు: "ఆ వేళకు మగ్గాల నూలు వీధంతా పడుగుగా పరిచి ఉంది. నీ బండి ఎట్లా వచ్చింది?"

బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెరలు ఆగిపోయాయి.

"పడుగా? గది యాడికెల్లి ఊడిపడ్డది?" అంది భూమవ్వ.

"మనకు చెప్పనే లేదు గద. గిది మోసం," అంది పక్కన కూర్చున్న కొమురవ్వ.

"రాసినోనికి సోయి లేదు. రేపటిసంది పాటలు పాడుకుందాం. గీ బుక్కులతోని పొయ్యి ముట్టియ్యుండ్రి సారూ," అంది భూమవ్వ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అవునవ్వా, చిల్లర రాతలు," అన్నాను.

వాళ్లలో బాలలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. చాటలో ఆకు సర్దుకుంటూ, "అనసూర్యక్క సదివినప్పుడు గిట్ల ఎన్నడు గాలే," అంది.

పేజీలు వెనక్కి తిప్పాను. నేను దాటేసిన పేజీలో అనసూర్య గుర్తుగా పెట్టుకున్న, బీడీ చుట్టే తునికాకు ముక్క ఇంకా ఉంది.

"తప్పు పుస్తకానిది కాదు, నాది," అన్నాను. "పడుగు సంగతి ముందే ఉంది. మీరు రోజూ చూసేదే గదా, ఎందుకులే అని వదిలేశాను."

భూమవ్వ కత్తెర పక్కన పెట్టింది.

"రోజు సూసేదని ఇడిశినవా?" అంది. "రోజు సూస్తం గాబట్టే గద సారూ, దొంగ నీకన్న ముందుగాల మాకు దొరుకుతుండె! కొమరన్న గెలిస్తె మేమే గెలిచినట్టుంటది. గా సంబురమంత మింగినవ్."

"చదవనా మళ్లీ?"

"అడుగుడెందుకు? సదువు. ఒక్క ముక్క ఇడిశినవో, రేపు సర్వపిండి రాదు."

చదివాను. వేకువ మంచు, గంజి వాసన, వీధి పొడవునా తడి నూలు. దారం తగలకుండా గోడకు ఒరిగి నడిచే నీళ్లబిందె మనిషి. మా వీధే అది. ఏడు వందల ఏళ్ల కిందటి మా వీధి. అనసూర్య ఎన్నిసార్లు "ఒక్కటి చదివి చూడు" అందో గుర్తొచ్చి వాక్యం మధ్యలో ఆగాను. వాళ్లు గమనించే ఉంటారు. బాలలక్ష్మి మంచినీళ్ల చెంబు నా పక్కకు జరిపింది, అంతే.

దీపాలు పెట్టేవేళకు ముగించాను. వెళ్తూ పుస్తకాన్ని కండువా కిందికి తోయబోయి, ఆగి, చేతిలోనే పట్టుకున్నాను. మా ఇంటి తాళం కనబడేలా భూమవ్వ గడపలో లాంతరు ఎత్తి నిలబడింది. నేను లోపలికి వెళ్లేదాకా ఉండి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.