‘లైసెన్సు అక్కర్లేనివి’

రెండువేల ఎనిమిదిలో అనూరాధ విశాఖ కోర్టులో మామూలు జూనియర్ లాయరే. కానీ వీడియో గేముల చట్టాల గురించి తెలుగులో బ్లాగు రాసేవాళ్లు ఇంకెవరున్నారు గనక! రాసిన టపాలు పెరిగిపోయి బ్లాగు సంతలా తయారైందని, ఓ ఆదివారం వాటిని వర్గాలుగా సర్దింది. ఒక్కొక్కటీ తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది? పేర్లు చూసి గబగబా టిక్కులు కొట్టి, గంపగుత్తగా వర్గాల్లో పడేసింది. అలా ‘గేమ్ పార్లర్లు’ అన్న టపా పోయి పోయి ‘లైసెన్సు అక్కర్లేనివి’ అన్న వర్గంలో కూర్చుంది.

సర్ది మూడు నెలలైనా కాకముందే వన్ టౌన్ నుంచి రఫీ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న నడిపిన తాళాల దుకాణం ఎత్తేసి, అందులో తను గేమ్ పార్లరు పెట్టాడట. లైసెన్సు లేదని పోలీసులు మెషిన్లన్నీ పట్టుకుపోయారట. మీ బ్లాగు చూసే పెట్టాను, సాయంత్రం వచ్చి కలుస్తానన్నాడు.

ఫోన్ పెట్టేసి అనూరాధ బ్లాగు తెరిచి చూసుకుంది. తప్పు తనదే. ఆ టపాను చటుక్కున ‘లైసెన్సు తప్పనిసరి’ కిందకి మార్చేసింది. దిద్దుకోవడం మంచిదే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అతను రాకముందే ఎందుకు దిద్దిందో ఆవిడకి తెలియదా ఏమిటి!

రఫీ వచ్చాడు. కంప్యూటర్ మీదకి వంగి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

"అరె, తప్పనిసరి అనే ఉంది కదా! నాను ఉర్దూ బడిలో సదివినోడిని మేడమ్. తెలుగు సరిగ్గా రాక ఏటో సదివీసినాను. తప్పు మీదేనని మా అమ్మీతో అనీసినాను కూడా. మాఫ్ చెయ్యండి."

చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది అనూరాధ. నోరు తెరిచింది కూడా.

"మంచినీళ్లు తాగుతావా రఫీ?" అంది. అన్నాక సిగ్గుతో చచ్చిపోయింది.

"వద్దు మేడమ్. ఇది ప్రింటు తీసి ఇచ్చీండి. మా ఈదిలో ఇంకో ఇద్దరు పార్లరు పెడదామనుకుంటన్నారు. మా తలుపు మీద అంటించెత్తాను. నాలాగ సదువు రానోలు ఇంకెవులూ ఇరుక్కోకూడదు."

ప్రింటు తీసి ఇచ్చింది. ఆ కాగితాన్ని నలగకుండా పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు రఫీ.

"కేసు కూడా మీరే సూడాల మేడమ్. మిమ్మల్ని తప్ప ఎవుల్ని నమ్మమంటారు?"

"సరే" అంది అనూరాధ.