చప్పుడు చెయ్యని బస్సు

ఆ ఊళ్ళో బస్సు కోసం స్టాపులో నిలబడేవాడు ఒక్కడూ ఉండడు. నిలబడ్డాడంటే ఊరికి కొత్త అన్నమాట. ఊరివాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉంటారు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గడగడలాడుతూ పాత బస్సు మలుపు తిరుగుతుంది. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టరు బస్సు పక్కరేకును అరచేత్తో దబదబా బాది, "మార్కెట్టూ, ఆసుపత్రీ, మిల్లూ! రండి, రండి!" అని ఒక్క కేక పెడుతుంది. అప్పుడు తెరుచుకుంటాయి తలుపులు. సగం గుండీలు పెట్టుకున్న గుమాస్తా, ఒక చెవికే కమ్మ ఉన్న నర్సు, గడ్డం మీద సబ్బునురగ తుడుచుకుంటూ మిల్లు కార్మికుడు, అందరూ పరుగే పరుగు. ఈ అలవాటు ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఊరంతటికీ వచ్చేసింది.

ఆ కండక్టరును అందరూ మైకు అంటారు. చూస్తే రివటలా ఉంటుంది. అంత గొంతు ఆ మనిషిలో ఎక్కడ పడుతుందో ఎవరికీ అంతుపట్టదు. ఇంటికి వెళితే మాత్రం ఆమె మాట పక్కగదిలోకి కూడా వినపడదు.

"గొంతు డిపోలో తాళం వేసి వస్తావా ఏమిటే? నాకేమో చెవులు అంతంత మాత్రం. కాస్త గట్టిగా చెప్పి చావు!" అని అత్త విసుక్కుంటుంది.

"పొద్దుటినుంచీ అరిచి వచ్చాను అత్తయ్యా. ఇంట్లోనైనా దానికి కాస్త సెలవివ్వనీ."

మైకు భర్త తాపీమేస్త్రి. ఏడాదిగా ఊళ్ళో కొత్త గోడ లేచింది లేదు. పొద్దున్నే తాపీ తుడిచి, మళ్ళీ గోడకు తగిలించడమే అతని పనైపోయింది. ఇల్లు మైకు ఉద్యోగం మీదే నడిచింది. అలాంటి రోజుల్లో ఆ వార్త వచ్చింది. ఎక్కడో దూరదేశంలోని పెద్ద బ్యాంకు ప్రభుత్వానికి అప్పిస్తోందట. ఆ అప్పుతో కరెంటు మీద నడిచే కొత్త బస్సులు వస్తాయట. వాటికి చార్జింగ్ పెట్టడానికి డిపోలో పెద్ద షెడ్డు కడతారట. షెడ్డు కట్టడానికి మేస్త్రులు కావాలట.

షెడ్డు పనిలో చేరిన రోజు సాయంత్రం మేస్త్రి ఒంటినిండా సిమెంటు దుమ్ముతో, ముఖంనిండా నవ్వుతో ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కోమంటే కడుక్కోడు. "ఉండనీవే, ఎన్నాళ్ళకు అంటింది!" అన్నాడు. ఆ రాత్రి ముగ్గురూ పండగలా భోంచేశారు.

వారం తిరగకముందే డిపో మేనేజరు కండక్టర్లందరినీ పిలిచాడు. మంచి మనిషే. చెడ్డమాట చెప్పాల్సివస్తే మాత్రం ఎదుటివాళ్ళ చెప్పుల వైపు చూస్తాడు.

"కొత్త బస్సుల్లో టికెట్లు మిషనే ఇస్తుంది. స్టాపుల పేర్లు కూడా మిషనే చెప్తుంది. కండక్టర్లు ఉండరు. ఇది అప్పిచ్చినవాళ్ళ షరతు. నా చేతుల్లో ఏం లేదు."

మైకు ఇంటికొచ్చి నీళ్ళు తాగి ఆ సంగతి చెప్పింది. ఎప్పటిలాగే మెల్లగా చెప్పింది. ఈసారి అత్తకు మొదటిసారికే వినపడింది.

"అంటే మీ షెడ్డు పైకి లేస్తుంటే నా ఉద్యోగం కింద పడుతోందన్నమాట" అంది మైకు భర్తతో. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

మేస్త్రి తాపీ చేతిలోకి తీసుకున్నాడు. "అయితే రేపటినుంచి గోడ వంకరగా కడతాను. బస్సు లోపలికి పడితేగా!"

"నువ్వు కట్టే గోడలు ఇప్పుడు తిన్నగా ఉన్నాయేమిట్రా, కొత్తగా వంకర కట్టడానికి!" అంది తల్లి.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. నవ్వాగాక మైకు కిటికీ దగ్గర కూర్చుంది. షెడ్డు అయిపోతే అతని పనీ అయిపోతుంది, అప్పుడు ఇల్లెలా అన్నది ఒక దిగులు. దాన్ని పైకి చెప్పగలదు. చెప్పలేని దిగులు ఇంకొకటుంది. ఆ వీధుల్లో తలుపులన్నీ రోజూ తన గొంతుకే తెరుచుకుంటాయి. ఇకమీదట తెరుచుకోవు.

కొత్త బస్సు మొదలయ్యే రోజు రానే వచ్చింది. అప్పిచ్చిన బ్యాంకు తరఫున ఒకావిడ చూడడానికి వచ్చింది. పొడుగ్గా ఉంది. భాష కొద్దికొద్దిగా నేర్చుకుందేమో, తడి గచ్చు మీద అడుగులు వేసినట్టు ఒక్కో మాటా చూసుకుని మాట్లాడుతోంది. జనం బాగా ఎక్కితేనే మిగతా బస్సులకూ, షెడ్డు రెండో సగానికీ అప్పు వస్తుందని మేనేజరు అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు. పాత సిబ్బందిలో ఒకరిని కలవాలని ఆవిడ అడగడంతో మైకును కూడా బస్సెక్కించి వెనకసీట్లో కూర్చోబెట్టారు. యూనిఫాం ఉంది, భుజాన సంచి లేదు.

మేనేజరు వంగి ఆమె చెవిలో, "నీకు దణ్ణం పెడతానమ్మా, ఇవాళ ఒక్కరోజు నోరు తెరవకు. చెప్పాల్సినవన్నీ బస్సే చెప్తుంది" అన్నాడు.

"నేనేం మాట్లాడతాను సార్, ప్రయాణికురాలిని" అంది మైకు.

బస్సు తడి రాతి మీద సబ్బుముక్కలా జారింది. గడగడ లేదు, పొగ లేదు. మైకు ఒప్పుకోక తప్పలేదు, బస్సు బంగారంలా ఉంది. ఇంతలో ముందునుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. డ్రైవరు పాడుతున్నాడు. ఇన్నేళ్ళు కలిసి పనిచేశారు, అతను పాడతాడని ఆమెకు తెలియనే తెలియదు.

"అన్నయ్యా, నువ్వు పాడతావా?"

"ఎప్పుడూ పాడతానమ్మా. ఇన్నాళ్ళూ నాక్కూడా వినపడలేదు."

మొదటి స్టాపు వచ్చింది. తలుపు నిట్టూర్చినట్టు తెరుచుకుంది. బస్సు లోపల తేనెలాంటి గొంతు "మార్కెట్ వీధి. జాగ్రత్తగా దిగండి" అంది. దిగడానికి ఎవరూ లేరు, ఎక్కడానికీ ఎవరూ లేరు. తలుపు మూసుకుంది.

మైకు కిటికీలోంచి చూసింది. ఎదురింటి గదిలో గుమాస్తా మూడో గుండీ దగ్గర ఆగి, చెవి రిక్కించి పైకప్పు వంక చూస్తున్నాడు. రెండో స్టాపులో నర్సు ఒక కమ్మ చేత్తో పట్టుకుని గోడగడియారాన్ని అనుమానంగా చూస్తోంది. బస్సు వాళ్ళ గుమ్మాల ముందునుంచే వెళ్ళిపోయింది. ఒక్కరూ బయటికి రాలేదు.

"జనం ఎక్కడ?" అంది బ్యాంకు ఆవిడ.

"వస్తారు మేడమ్."

"ఇవాళ సెలవా?"

"కాదు మేడమ్."

ఆవిడ ఖాళీ సీట్లను మరోసారి చూసింది. "ఈ ఊళ్ళో జనం ఉన్నారా?"

మేనేజరుకు చెమటలు పట్టాయి. "హారన్ కొట్టవయ్యా!" అని డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. డ్రైవరు కొట్టాడు. అది పిల్లిపిల్ల కూతలా పలికింది. స్కూటరేదో వస్తోందనుకుని ముందు నడుస్తున్న ఒకాయన వెనక్కి చూడకుండానే పక్కకు జరిగాడు. అంతకుమించి ఏం కాలేదు.

మైకు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంగతి ఆమెకు ఎప్పుడో అర్థమైంది. ఇలాగే నోరు మూసుకుంటే చాలు. బస్సు ఖాళీగా తిరిగి డిపోకు వెళుతుంది. ఆవిడ తల అడ్డంగా ఊపి తన దేశం వెళ్ళిపోతుంది. గడగడలాడే పాత బస్సే మళ్ళీ వస్తుంది, తన సంచి మళ్ళీ తన భుజానికి వస్తుంది. కానీ షెడ్డు సగంలో ఆగిపోతుంది. తాపీ మళ్ళీ గోడకెక్కుతుంది. పిలిస్తే తన ఉద్యోగం తన నోటితోనే ఊడుతుంది. పిలవకపోతే అతనిది పోతుంది. ముందుకెళితే నుయ్యిలా, వెనక్కెళితే గొయ్యిలా ఉంది ఆమెకు. నోరు మాత్రం తెరవలేదు.

మూడో స్టాపు మైకు వాళ్ళ వీధే.

గుమ్మంలో అత్త కూర్చునుంది. కంటి డాక్టరుకు చూపించుకోవాలని చెప్పింది గానీ, అసలు సంగతి అది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు కడుతున్న షెడ్డుకు వచ్చిన బస్సు మొదటిరోజే ఎక్కాలని ఆవిడ కోరిక. మంచి చీర కట్టుకుంది. ఒళ్ళో సంచి పెట్టుకుని, మలుపు వైపు చెవి పెట్టి, కళ్ళు మూసుకుని వింటోంది. బస్సు ఆవిడ ముందే ఆగింది. తలుపు తెరుచుకుంది. తేనెగొంతు లోపల ఏదో అంది. తలుపు మూసుకోబోయింది.

మైకు లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఒక కాలు తలుపుకు అడ్డం పెట్టి, అరచేత్తో బస్సు పక్కను దబదబా బాది, "మార్కెట్టూ, ఆసుపత్రీ, మిల్లూ! రండి, రండి!" అని కేక పెట్టింది.

బ్యాంకు ఆవిడ సీట్లోంచి జానెడు ఎగిరింది. అత్త కళ్ళు తెరిచింది. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. గడ్డం మీద నురగతో మిల్లు కార్మికుడు ముందు బయటపడ్డాడు. వెనకటి వీధినుంచి నర్సు, ఆ వెనక గుండీలు పెట్టుకుంటూ గుమాస్తా, వాళ్ళ వెనక గంపలు, సంచులు, గొడుగులు.

"ఏమ్మా మైకూ, కేక వినపడింది. బస్సేదీ?" గుమాస్తా రొప్పుతూ అడిగాడు.

"ఎదురుగా ఉందిగా బాబాయ్!"

"ఇదా! ఇందాక మా ఇంటిముందు ఆగింది. ఎవరో పెద్దమనిషి పెళ్ళివాళ్ళ కోసం పంపాడనుకున్నాను."

నిమిషాల్లో బస్సు నిండిపోయింది. మిషన్ దగ్గర తోపులాట మొదలైంది. ఒకరు తప్పుగుండీ నొక్కుతారు, ఇంకొకరు మిషన్‌కు నమస్కారం పెడతారు. మైకు మధ్యలో నిలబడి, "అది కాదు పిన్నీ, పక్కది. నువ్వు ఆగు అన్నయ్యా, పెద్దావిణ్ణి కూర్చోనీ" అంటూ అందరినీ సర్దింది. బ్యాంకు ఆవిడ కిటికీకీ అత్తకూ మధ్య ఇరుక్కుపోయి, ఒళ్ళో ఎవరిదో గంప పెట్టుకుని, పగలబడి నవ్వుతోంది.

అత్త ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "అప్పిచ్చింది నువ్వేనామ్మా?"

"నేను కాదు. మా బ్యాంకు."

"ఎవరైతేనేంలే. బస్సు బాగుంది. మా అబ్బాయికి పని దొరికింది, అదీ బాగుంది. నా కోడలి పని తియ్యడమే బాగాలేదు."

ఆవిడ నవ్వు ఆగింది. మైకును చూసింది, మేనేజరును చూసింది. మేనేజరు ఆవిడ చెప్పుల వైపు చూశాడు.

"షరతు మాదే" అంది ఆవిడ మెల్లగా. "ఈ ఊరు చూడకుండా పెట్టాం. ఇప్పుడు చూశాను. మా వాళ్ళకు చెప్తాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. చెప్తాను."

మేనేజరు ఆ మాత్రానికే తల పైకెత్తాడు. బస్సు డిపో చేరగానే, "జవాబొచ్చేదాకా నువ్వు రోజూ ఎక్కమ్మా. ఎవరైనా అడిగితే నాపేరు చెప్పు" అన్నాడు.

జవాబు రావడానికి షెడ్డుకు పైకప్పు వేసేదాకా పట్టింది. ప్రతి బస్సులోనూ ఒక మనిషి ఉండొచ్చన్నారు. టికెట్లు కొట్టడానికి కాదు, పిలవడానికీ, ముసలివాళ్ళను ఎక్కించడానికీ, మిషన్ వాడకం చూపించడానికీ. అందరికీ చోటు దొరకలేదు. పెద్దవాళ్ళు ఇద్దరు పని మానేసి ఇంటిపట్టున ఉండిపోయారు. మిగిలినవాళ్ళకు డిపో ఆవరణలో కేకలు నేర్పే బాధ్యత మైకుదైంది. ఒక కండక్టరు ఎంత అరిచినా గోడమీది కాకి కూడా కదల్లేదు. అతన్ని షెడ్డులో చార్జింగ్ పెట్టే పనికి తీసుకున్నారు. అక్కడ గొంతుతో పనిలేదు. మేస్త్రిని ఇంకో ఊరి షెడ్డుకు రమ్మన్నారు. వారం వారం వచ్చి వెళతానన్నాడు.

పాత బస్సును తుక్కు కింద తీసుకెళ్ళే ముందు మేస్త్రి, డ్రైవరు కలిసి దాని పక్కరేకు ముక్క ఒకటి కోసి తెచ్చారు. కొత్త బస్సు ఒంటిమీద బాదితే గీతలు పడుతున్నాయని మేనేజరు రోజూ మొత్తుకుంటున్నాడు మరి. ఆ ముక్కను తలుపు పక్కన బోల్టులు వేసి బిగించారు. రంగు పోయింది, మధ్యలో మైకు అరచేయంత సొట్ట ఉంది.

మర్నాడు పొద్దున మలుపు తిరుగుతుండగా ఆమె ఆ సొట్టలో చెయ్యి వేసి దబదబా బాదింది. ముందుసీట్లో డ్రైవరు పాట ఆపి, ఆ దెబ్బకు తాళం కలిపి మళ్ళీ అందుకున్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. గుమాస్తా మూడో గుండీ దగ్గర వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.