నాలుగో నిమ్మకాయ

చంద్రయ్య బండి ముందు అద్దాన్ని మళ్లీ తుడుస్తున్నాడు. మొదటిసారి తుడిచినప్పుడే అది శుభ్రంగా ఉంది. అయినా మసక పోలేదు. ఆ మసక అద్దంలో లేదని ఆయనకు తెలుసు. తెలిసీ తుడుస్తున్నాడు. ఇంకేం చేస్తాడు మరి?

సూర్యాపేటలో కైలాసం గారింటి పక్క రేకుల షెడ్డులో ఉండే ఆ స్టేషన్ వ్యాగన్‌ను చూసి ముచ్చటపడని వాళ్లు లేరు. పెసర రంగు ఒళ్లు, మీగడ రంగు పైకప్పు, మూడు వరుసల సీట్లు. వెనక తలుపు కిందికి వాలిస్తే ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. ఎప్పుడో కైలాసం గారు హైదరాబాదులో ఒక తెల్లదొర దగ్గర కొనుక్కొచ్చిన బండి. ఇప్పుడు పందొమ్మిది వందల డెబ్బై ఒకటి. కైలాసం గారు పోయారు, బండి మాత్రం నిన్న కొన్నట్టే ఉంది.

అంత కొత్తగా ఎందుకుందో చంద్రయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. చూపు తగ్గడం మొదలైన దగ్గర్నుంచీ ఆయన దాన్ని రోడ్డెక్కించడమే మానేశాడు. కైలాసం గారి భార్య గుడికి పోవాలన్నప్పుడల్లా "బ్యాటరీ దిగిందమ్మా" అనో, "టైర్ల గాలి లేదమ్మా" అనో చెప్పేవాడు. ఆ తల్లి నమ్మి రిక్షాలో వెళ్లేది. ఆయన ఆ సిగ్గు కొద్దీ రోజంతా బండి తుడిచేవాడు. చక్రాల బోల్టుల సందుల్లోకి పుల్లకు గుడ్డ చుట్టి మరీ తుడిచేవాడు. నలుగురూ ఆహా అనే ఆ మెరుపంతా భయంలోంచి వచ్చిందే.

సన్నటి మనిషి. ఖాకీ చొక్కా కాలరు అరిగితే భార్య లింగమ్మ తిప్పి కుట్టింది. గోళ్ల చివర్లు గ్రీజుతో నల్లబడిపోయాయి, ఇక మారవు. తిరుమలగిరి దగ్గర గొర్లు కాసిన పిల్లగాడు లారీ కడగడానికి వచ్చి, క్లీనరై, డ్రైవరై ఇక్కడ తేలాడు. ఇంకో పని రాదు. కళ్లకు ఆపరేషన్ చేస్తారని విన్నాడు. చేయించుకుని దళసరి అద్దాలు పెట్టుకున్నవాణ్ణి ఏ సేటు స్టీరింగు ముందు కూర్చోబెడతాడు? అందుకే లింగమ్మకు కూడా చెప్పలేదు.

ఆ బండి కొనడానికి మిర్యాలగూడ నుంచి బస్సులో దిగాడు రైసుమిల్లు సేటు వెంకటనారాయణ. కాలువ నీళ్లు వచ్చాక ఆయన మిల్లు రాత్రింబవళ్లు ఆడుతోంది. ముగ్గురన్నదమ్ముల ఉమ్మడి సంసారం, అందరూ ఒక్క బండిలో పట్టాలన్నది ఆయన కోరిక. బండి చుట్టూ తిరిగాడు, తలుపులన్నీ తెరిచి మూశాడు, సీటు మీద అరచేయి వేసి రుద్దాడు.

"అమ్మా, బండి ఒక్కటే ఐతె నాకొద్దు," అన్నాడు కైలాసం గారి భార్యతో. "ఇంత పదిలంగ చూసుకున్నోణ్ణి గూడ ఇస్తెనే తీస్కపోత."

"చంద్రయ్య గూడ వస్తడు. మా ఆయన ఉన్నప్పటి నుంచి గీత పడనియ్యలేదు," అందామె.

రానంటే ఈ వయసులో ఎవరిస్తారు పని? వస్తానంటే మిర్యాలగూడ దాకా దారంతా నడపాలి. చంద్రయ్య తల వంచి గుడ్డ పిండాడు. కైలాసం గారి భార్య బానెట్ మీద ఒకసారి చెయ్యి ఆనించి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

పొద్దెక్కాక బయల్దేరారు. ఎండ ఉన్నంతసేపు రోడ్డు తెల్లటి పట్టీలా తెలుస్తుంది, అంచులు మాత్రం కలిసిపోతాయి. ఎడమ టైరు మొరం మీదికి దిగితే కరకరమంటుంది, ఆ చప్పుడు పట్టుకుని బండిని లోపలికి లాగుతున్నాడు. ఎదురుగా నల్లగా ఏది కదిలినా లారీ అనుకుని అంచుకు జరుగుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పక్కన సేటు కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి హాయిగా ఉన్నాడు.

"గింత నెమ్మదిగ నడిపేటోణ్ణి నేను చూడలే. పిల్లల్ని ఎక్కించి నిశ్చింతగ ఉండొచ్చు," అన్నాడు.

చంద్రయ్య ఎడమ టైరు చప్పుడే వింటున్నాడు.

దారిలో ఒకచోట ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. కాసేపటికి మలుపులోంచి గొర్ల మంద వచ్చి బండి చుట్టూ పారింది. సేటు ఆశ్చర్యపోయాడు.

"గంత దూరం నుంచే ఎట్ల కనిపెట్టినవయా?"

వాసనొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన, గాలి ఇటు వీచింది కనుక వచ్చింది. అటు వీచి ఉంటే? మంద దాటిపోయిన తర్వాత కూడా ఆయన బండిని కదపలేదు. సేటే "పోదామా" అనాల్సి వచ్చింది.

మిర్యాలగూడ ముందర కాలువ వంతెన వచ్చింది. గోడలు పొట్టివి. నీళ్ల హోరు రెండు వైపులా వినబడుతుంటే, ఆ రెండు చప్పుళ్ల మధ్యలోంచి ఊపిరి బిగబట్టి దాటించాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. ఇక అయిపోయిందనుకున్నాడు పాపం. సేటు ఇంట్లోకి కేక వేశాడు.

"అందరు తయారుగాండ్రి. రాత్రికి కోదాడల మేనకోడలి నిశ్చితార్థం, మన బండిల్నే పోతున్నం."

ఇప్పుడే కదిలితే చీకటి పడకముందే కోదాడ చేరవచ్చు. అదీ కష్టమే, కానీ ఏదో విధంగా చేర్చగలడు. బండి దగ్గరే నిలబడి ఎదురుచూశాడు. అప్పుడు సేటు తల్లి కనకమ్మ గడపలోకి వచ్చింది.

"ఇప్పుడు వర్జ్యం ఉంది నాయనా. కొత్త బండి వర్జ్యంల కదల్తదా? దీపాలు పెట్టినంక పూజ జేసి పోదాం."

వర్జ్యమంటే ఆ ఇంట్లో ఎదురు లేదు. మిల్లులో కొత్త బెల్టు బిగించాలన్నా అది వెళ్లాల్సిందే. చంద్రయ్య అరుగు మీద కూర్చుని ఎండ గోడ దిగడం చూస్తూ ఉండిపోయాడు. అన్నం పెట్టారు, ముద్ద దిగలేదు. పారిపోదామా అనిపించింది. కడుపునొప్పి అని చెబుదామా అనిపించింది. లింగమ్మ గుర్తొచ్చింది, ఇంటి కిరాయి గుర్తొచ్చింది. లేచి బండి తుడిచాడు.

దీపాలు పెట్టే వేళకు బండికి పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఆడవాళ్లు పట్టుచీరలు సర్దుకుంటూ ఎక్కారు. పిల్లలు వెనక చోటు కోసం కొట్లాడుకున్నారు. సేటు మధ్య సీట్లో ఒక పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. కనకమ్మ ఒక్కతే చెంబుతో నీళ్లు చల్లుతూ కింద ఉంది.

చంద్రయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం అవతల ఏమీ లేదు. హారతి పళ్లెం ఎక్కడో ఒక ఎర్ర మరకలా ఉంది, అంతే.

"పెద్దమ్మ పక్కకు జరిగిందా సేటూ?"

"ఎదురుంగనే ఉంది గదా, సూస్కొని పోనీ," అన్నాడు సేటు, పాప గౌను సర్దుతూ.

పిల్లల గోలలో 'పోనీ' అన్న మాటొక్కటే వినబడి, జరిగిందనుకున్నాడు చంద్రయ్య. క్లచ్చి వదిలాడు. బండి కదిలింది. నిమ్మకాయలు చిట్లాయి. అంతలో బంపరుకు ఇత్తడి చెంబు తగిలి టంగుమంది.

బ్రేకు మీద రెండు కాళ్లతో నిలబడ్డాడు.

కుడి టైరు ముందు నిమ్మకాయ దొర్లిపోతే, కనకమ్మ వంగి దాన్ని మళ్లీ పెడుతోంది. టైరు ఆమె వేళ్లకు ఆనుకుని ఆగింది. కనకమ్మ మెల్లగా చెయ్యి తీసుకుంది. చెంబు దొర్లుకుంటూ పోయింది.

"గుడ్డోనివా ఏంది?" సేటు అరిచాడు. "ఎదురుంగ మనిషి కనబడ్తలేదా?"

చంద్రయ్య స్టీరింగు మీంచి చేతులు తీశాడు. పొద్దున్నుంచీ ఏ మాటకు భయపడ్డాడో ఆ మాట ఇప్పుడు తేలిగ్గా వచ్చేసింది.

"కనబడ్తలేదు సేటూ."

సేటు ముందుకు వంగాడు.

"మరి పొద్దున సూర్యాపేట నుంచి..."

"సప్పుడు పట్టుకోని తెచ్చిన."

"కాలువ వంతెన?"

"అది గూడ."

సేటు చేతులు పాప చుట్టూ బిగుసుకున్నాయి. ఆయన ముఖంలో రక్తం లేదు. పాపను ఎత్తుకుని దిగాడు. తర్వాత ఒక్కొక్కరూ దిగారు. పిల్లలు కూడా గొడవ చేయకుండా దిగారు.

చంద్రయ్య తాళంచెవి స్టీరింగుకే వదిలేశాడు. దిగి, తలుపు పిడిని భుజం మీది గుడ్డతో తుడిచి, బండి పట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"దెబ్బ తాకిందా పెద్దమ్మా?"

"లేదు," అంది కనకమ్మ. చెయ్యి ఇంకా కొంగులోనే దాచుకుంది. "ఎన్నాళ్ల సంది నాయనా?"

"శాన రోజులాయె. ఇగ నడపనమ్మా. నన్ను మన్నించుండ్రి."

"చీకట్ల ఎట్ల పోతవు? బస్సుకాడి దాంక ఎవరినన్న తోలిస్త."

"వద్దమ్మా. నడుసుకుంట పోత. నడిస్తె ఎవ్వలకేం గాదు."

గోడ మీద చెయ్యి వేసుకుని వీధి చివరిదాకా వెళ్లాడు. అక్కడ గోడ అయిపోయింది. కాసేపు నిలబడి, బస్సు హారను వినిపించిన వైపు తిరిగి నడిచాడు. కనకమ్మ చూస్తుండగానే చీకట్లో కలిసిపోయాడు.

సేటు పాపను దించలేదు. పట్టుచీరలతో అందరూ గుమ్మం ముందే నిలబడి ఉన్నారు. పెసర రంగు బండి పసుపు బొట్లతో నాలుగు తలుపులూ తెరుచుకుని ఉంది. మూడు టైర్ల కింద నిమ్మకాయలు చిట్లి రసం మట్టిలో ఇంకుతోంది. నాలుగోది టైరుకు ఆనుకుని, కనకమ్మ పెట్టిన చోటే, పగలకుండా ఉంది.