గొర్రెల వీసా

ఎక్స్‌రే గదిలో చల్లటి పలకకు రొమ్ము ఆనించి నిలబెట్టి, కాంపౌండరు "ఊపిరి పట్టు" అన్నాడు. తిప్పన్న పట్టాడు. "ఇంక ఇడువు" అన్న తర్వాత కూడా చాలాసేపు వదల్లేకపోయాడు. వాగు దగ్గర బండ వెనక బిగబట్టిన ఊపిరి అది. అప్పటినుంచీ పూర్తిగా వదిలింది లేదు.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తన ఒళ్లే ఇప్పుడు తన గురించి చెప్పేస్తుందని అనిపించింది.

పోయిన వేసవిలో, ఎలక్షన్ల వేడిలో, ముద్దనూరు దగ్గరి వాగులో అతను గొర్రెలకు నీళ్లు తాపుతున్నాడు. పైన రోడ్డు మీద ఒక జీపు ఆగింది. దానికి అడ్డంగా ఇంకో జీపు. ముఖానికి తుండుగుడ్డ కట్టుకున్న మనిషి ఒకడు నడిచి వచ్చి, ఆగిన జీపులోని పెద్దాయనతో "దిగు మామా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. పందిట్లోకి భోజనానికి పిలిచినట్టు ఉంది. తర్వాత బాంబులు పడ్డాయి. ఒక ఇనుప ముక్క వచ్చి బండ వెనక నక్కిన తిప్పన్న ఎడమ భుజం కింద దిగింది.

తల్లి గంగులమ్మ గాయానికి పసుపు పెట్టి, పొట్టేలు కుమ్మిందని ఊరికి చెప్పింది. ముక్క మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ వాగులో గొర్రెలు ఎవరివని రెండు పార్టీల వాళ్లూ వెతికారు. ఒకరికి సాక్షి కావాలి. ఇంకొకరికి సాక్షి ఉండకూడదు. తిప్పన్న మందను పులివెందుల సంతకు తోలి అమ్మేసి, జమ్మలమడుగులో డ్రైవింగు నేర్చుకున్నాడు. గొర్రెల వాసన పోవాలని రోజూ చర్మం మండేదాకా రుద్దుకునేవాడు.

అవి గల్ఫ్ యుద్ధం ముగిసి కువైట్‌కు మళ్లీ మనుషులు పోతున్న రోజులు. ప్రొద్దుటూరులో వీసాలు చూసే హబీబుల్లా అతనికి అంతా విడమరిచి చెప్పాడు.

"చూడుప్పా, కంపెనీ వీసా అంటే చదువుండాల. ఇంటి వీసా అంటే సేటు ఇంట్లో డ్రైవరు, వంటోడు. సిటీలో ఉంటావు, శుక్కురారం మనోళ్లను కలుస్తావు. ఇంకోటి గొర్రెల వీసా. ఎడారిలో గుడారం. నీళ్ల ట్యాంకరు వచ్చిననాడే మనిషి మొగం చూసేది. దాన్ని ఎవడూ అడగడు."

"గొర్రెలు తప్ప ఏదైనా సరే."

"అయితే డ్రైవరు. కానీ మద్రాసు మెడికల్‌లో రొమ్ములో మచ్చ అగపడితే అన్‌ఫిట్ అంటారు. ముందుగాల ఈడనే ఒక ఎక్స్‌రే తీపిచ్చుకో."

అందుకే వచ్చాడు. వరండాలో కిటికీకి అడ్డంగా కట్టిన తీగకు తడి ఫిల్ములు క్లిప్పులతో వేలాడుతున్నాయి. ఎవరి ఎముకలు వాళ్లకు తప్ప అందరికీ కనిపించేలా ఉన్నాయి. ఇళ్లలో ఆయా పనికి పోతున్న జానీబీ అనే ఆమె వాటి ముందే నిలబడి, తన ఫిల్ము ఏదో వెతుక్కుంటోంది.

"జరుగు మామా."

తిప్పన్న జరిగాడు. శరీరం ముందు జరిగింది, అర్థం తర్వాత వచ్చింది. అదే గొంతు. అదే నిదానం.

ఆ మనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా గీసిన గడ్డం. అతని భుజం తిప్పన్న ఎడమ భుజానికి తగులుతోంది. లోపలి ఇనుము తనను విసిరినవాడిని గుర్తుపట్టి కదిలినట్టు అనిపించింది. అది పిచ్చి ఊహ అని తెలుసు.

వీధిలో ఒక జీపు గట్టిగా బ్రేకు వేసింది. తిప్పన్న ఉలిక్కిపడ్డాడు. పక్కవాడూ ఉలిక్కిపడ్డాడు. కాళ్లు పైకి లాక్కుని తలుపు వైపే చూశాడు. మైకులో ఉప ఎన్నికకు ఓట్లు అడుగుతూ జీపు కదిలిపోయాక కాళ్లు మెల్లగా దించాడు.

వీడికీ భయమే. ఆ సంగతి తిప్పన్నకు ధైర్యం ఇవ్వలేదు. మందలో బెదిరిన పొట్టేలే మనిషిని కుమ్ముతుంది.

"కువైట్‌కేనా మామా?"

"ఆ."

"నేనూ ఆడికే. డ్రైవరు వీసా. సిటీలో మన పక్కోళ్లు శానామంది ఉండారంట. నీది ఏ వీసా?"

తిప్పన్న నోరు తెరిచేలోపు జానీబీ నవ్వింది. "ఇది ఎవురిదప్పా? మేకు మింగినాడా ఏంది?"

ఆమె చూపించిన ఫిల్ములో పక్కటెముకల పైన, భుజం దగ్గర, కోసుగా తెల్లగా మెరుస్తోంది ముక్క. ఆ మనిషి లేచి వెళ్లి ఫిల్ము ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఆ ఆకారం అతనికి కొత్త కాదు.

"తిప్పన్న ఎవరు?" కాంపౌండరు లోపలినుంచి కేకేశాడు.

తిప్పన్న పలకలేదు. మళ్లీ కేక. పలకకుండా కూర్చోవడం ఒక్కటే తన చేతిలో ఉందనుకున్నాడు. కానీ ఆ చెయ్యి అప్పటికే ఎడమ భుజం మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో తెలియదు.

ఆ మనిషి వెనక్కి తిరిగి ఆ చేతిని చూశాడు. తీగ మీదినుంచి ఫిల్ము తీసి, నీళ్లు కారుతుండగా తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

"ఏ వీసానో చెప్పకపోతివే."

సిటీ. శుక్రవారాలు. ఇదే గొంతు.

"గొర్రెలది," అన్నాడు తిప్పన్న. "ఎడారిలో."

"గొర్రెలు కాసినావా ఎప్పుడన్నా?"

"ల్యాదు. పోయి నేర్చుకోవాల."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తాతల నాటి నుంచీ మంద తోలిన చేతులు తిప్పన్నవి. తాడు ఒరుసుకున్న గీతలు అరచేతుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

"నేర్చుకో," అన్నాడు ఆ మనిషి నెమ్మదిగా. "మంచి వీసా. ఆడ మాట్లాడేదానికి ఎవరూ ఉండరు. తొందరగా పో మామా."

అక్కడినుంచి నేరుగా పోయి ఫిల్ము ఇస్తే, హబీబుల్లా దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఊపిరితిత్తులు బాగుండాయి. ఇనుముకు అన్‌ఫిట్ అనర్లే. మన జిల్లావోళ్లకు అది పుట్టుమచ్చ మాదిరి. డ్రైవరు వీసా రాసేదా?"

"గొర్రెలది రాయి."

"ఏంది? వద్దంటివి కదప్పా మొన్న."

"మొన్న వద్దంటి, ఇప్పుడు కావాల. గొర్రెలదే."

"ఆడ ఒక్కనివే ఉండాల. మనిషన్నోడు ఉండడు. భయం కాదా?"

తిప్పన్న లేచి చెయ్యి చాపాడు. తడి ఫిల్మును చొక్కా లోపల పెట్టుకున్నాడు. చల్లగా రొమ్ముకు అంటుకుంది. బయట అంగళ్ల ముందు ఇస్త్రీ చొక్కాల వాళ్లు చాలామంది వీపులు ఇటు పెట్టి నిలబడి ఉన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మాట్లాడి, గొంతు వినిపించేదాకా అతను మెట్టు దిగలేదు.