ఎద్దులు తిప్పుకునే చోటు

మా వకీలు కాగితాల కట్ట వెనక్కి ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. ఫ్యాను వైపు చూస్తూ, ఈ దావా తనకు కుదరదనీ ఇంకెవరినైనా చూసుకోమనీ అన్నాడు. అనంతపురంలో ఇంకో ముగ్గురి దగ్గరికి పోయాను. మొదటి ఇద్దరూ దావా వేసింది ఎవరని అడిగి, శ్రీరంగప్ప అని చెప్పగానే తీరిక లేదన్నారు. మూడో ఆయన మంచివాడు, మంచినీళ్ళిచ్చి మరీ పంపించాడు. నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి దాకా చదివినవాణ్ణి, నా చేను గురించి నేను మాట్లాడుకోలేనా అనుకున్నాను.

రెండువేల ఒకటో సంవత్సరం అది. గార్లదిన్నె దగ్గర మా ఊరికి వానలు మొహం చాటేసి మూడేళ్ళు. నేను వేయించిన రెండు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడోది తూర్పు గట్టు పక్కన వేయిస్తే రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది. పక్క చేను శ్రీరంగప్ప కూడా వచ్చాడు. దోసిట్లో పట్టి తాగి, "తియ్యగా ఉండాయప్పా" అన్నాడు.

రెండు నెలలు తిరక్కుండానే దావా వేశాడు. గట్టుకు ఇవతల పన్నెండు సెంట్లు, బోరుతో సహా, నలభై ఏళ్ళుగా ఆయన అనుభవంలోనే ఉందట. అదే వారం గట్టు చివరనున్న హద్దు రాయి మాయమైంది. రాయి ఉన్నచోట గుంత కూడా లేదు. పూడ్చి, నీళ్ళు చల్లి, చక్కగా చదును చేశారు. ఆ బోరు పోతే నా నాలుగెకరాలు చెనక్కాయ పంటకు కూడా పనికిరావు. నేనూ నా పెళ్ళాం అంజనమ్మా బెంగళూరు పోయి ఇటుకలు మోసుకోవాల్సిందే.

అసలు సంగతి ఎద్దులది. శ్రీరంగప్ప చేను మా గట్టు దగ్గర సన్నబడుతుంది. సాలు చివర ఎద్దులు తిరగడానికి చోటు చాలదు. అందుకని వాళ్ళ మడక, అదే నాగలి, గట్టు దాటి, మా చేలో తిరిగి పోయేది. మా నాయన కాలం నుంచీ అంతే. దానికి మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఏటా తొలి సాలు దున్నే రోజు మడక పట్టినవాడు గట్టు మీద చెప్పులు విడిచి అవతలి రైతును అడగాలి. ఆయన "తిప్పుకోప్పా" అన్నాకే ఎద్దులు గట్టు దాటాలి. అడగడం మరిచిపోయినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

మూడు రోజులు కూర్చుని కోర్టుకు జవాబు నేనే రాశాను. మేము పేచీకోరులం కాదని జడ్జిగారికి తెలియాలని, "మా నాయన కాలం నుంచీ వారి ఎద్దులు మా చేలోనే తిప్పుకుంటున్నారు, మేము ఏనాడూ అడ్డం చెప్పలేదు" అని కూడా రాశాను. అడిగి తిప్పుకునేవారని మాత్రం రాయలేదు. అడక్కుండా ఎవరైనా తిప్పుతారా? అన్నం నోటితో తింటామని ఎవరైనా కాగితం మీద రాస్తారా?

వాయిదా రోజు శ్రీరంగప్ప వకీలు ఆ ఒక్క వాక్యాన్నే రెండుసార్లు చదివాడు. నలభై ఏళ్ళ అనుభవాన్ని ప్రతివాదే తన చేతి రాతతో ఒప్పుకున్నాడన్నాడు.  జడ్జిగారు కళ్ళజోడు తీసి, వకీలును పెట్టుకోలేదా అని నన్నడిగారు.

"ఎవరూ దొరకలేదయ్యా."

"ఇంత పెద్ద టౌన్లోనా?"

 జడ్జిగారు నా మొహం చూసి, మళ్ళీ అడగకుండా కాగితాల మీదికి వంగారు.

బయట శ్రీరంగప్ప తెల్ల సుమో పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఏనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ప్రతి వాయిదాకూ బండెక్కమని పిలుస్తాడు, నేను బస్సుకే పోతాను. ఆ రోజు దగ్గరికొచ్చాడు.

"వచ్చే వాయిదాకు బాలప్ప సాక్ష్యం చెప్తాడప్పా. మా వకీలు అడిగిందానికి చెప్పి దిగిపోతాడు. నువ్వేమీ అడగద్దు."

బాలప్ప ముప్పై ఏళ్ళు ఆయన మడక పట్టిన ముసలాయన. నన్ను చిన్నప్పుడు కాడి మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"వయసైన మనిషి. నాలిక జారితే వానికే కష్టం." ఇలా అంటూ నా భుజం మీది దుమ్ము దులిపాడు. నా భుజం మీద దుమ్మేమీ లేదు.

ఇంటికొచ్చి చెబితే అంజనమ్మ చేట పక్కన పెట్టేసింది. "అడిగితే బోరు దక్కుతాది. అడగకుంటే ఆ ముసలాయన దక్కుతాడు. రెండూ కావాలని దేవున్ని అడగద్దు" అంది.

వాయిదా రోజు బాలప్ప చెప్పులు కింద విడిచి బోనెక్కాడు. ముప్పై ఏళ్ళు దున్నానన్నాడు. ఎద్దులను గట్టు దాటించి తిప్పానన్నాడు. ఎవరైనా అడ్డం చెప్పారా అంటే, లేదు సామీ అన్నాడు. శ్రీరంగప్ప వకీలు కూర్చున్నాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని జడ్జిగారు నన్నడిగారు.

లేచి నిలబడ్డాను. వెనక బెంచీ మీద శ్రీరంగప్ప నన్ను చూడటం లేదు. బాలప్పను ఎంతో ప్రేమగా చూస్తున్నాడు. ప్రశ్నలేమీ లేవయ్యా అని నేను కూర్చోవచ్చు. కానీ నా కళ్ళ ముందు పైపులోంచి దూకుతున్న నీళ్ళే ఉన్నాయి. నిజం చెప్పాలంటే బాలప్ప ఎదురుగా ఉన్నా నాకు కనబడలేదు.

"బాలప్ప మామా, గట్టు దాటేముందు ఏం చేస్తాంటివి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "అడుగుతాంటి."

"ఎవరిని?"

"మీ నాయనను. ఆయప్ప పోయినాక నిన్ను. అడక్కుండా ఎట్ల తిప్పుతామప్పా? చేను మీది కదా."

జడ్జిగారు కలం ఆపి, మళ్ళీ చెప్పమన్నారు. బాలప్ప ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. తనకు పద్ధతి తెలుసని చెప్పుకోవడంలో కాస్త గర్వం కూడా ఉంది.

మధ్యాహ్నం కోర్టు బయట బస్సు కోసం బాలప్పా నేనూ నిలబడ్డాం. సుమో వచ్చి మా ముందర ఆగింది. లోపల నేనెప్పుడూ చూడని మనుషులు ఇద్దరున్నారు. శ్రీరంగప్ప తలుపు తీశాడు.

"రా బాలప్పా, ఎండ ఉండాది. మన ఊరికే కదా పోతాండాం."

బాలప్ప నా వైపు చూశాడు. నాతో రా మామా అంటే చాలు, వచ్చేవాడు.  కానీ ఇంకా తీర్పు రాలేదు, శ్రీరంగప్పను ఇంకా రెచ్చగొట్టడమెందుకని లోపల ఒక లెక్క. చేతిలో కాగితాలు సర్దుకున్నాను. ముసలాయన ఆ ఇద్దరి మధ్య ఒదిగి కూర్చున్నాడు. మా ఊరు ఉత్తరాన. బండి దక్షిణానికి, రాప్తాడు రోడ్డు పట్టింది.

నాలుగు రోజులైనా బాలప్ప ఇల్లు చేరలేదు. బస్టాండు దగ్గర దిగిపోయినాడని శ్రీరంగప్ప ఊళ్ళో చెప్పాడు. ఆ మాట చెప్పిన సాయంత్రమే మా బోరు దగ్గరికొచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"తీర్పు నీ పక్కే వస్తాదంటాండారు. రానీలే. నేను పైకోర్టుకు పోను. నువ్వు కూడా యాడికీ పోవద్దు."

నేను తల ఊపాను. ఊపినందుకు అప్పుడు నాకు సిగ్గేయలేదు, గుండె తేలికైంది. 

మర్నాడు పొద్దున బాలప్ప పెళ్ళాం మారెక్క వచ్చింది. పోలీసులకు ఇవ్వడానికి ఒక కాగితం రాసిపెట్టమంది. వకీలు లేకుండా కోర్టులో మాట్లాడినవాణ్ణని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది, ఆమె ఇంకెవరి దగ్గరికి పోతుంది? అరుగు మీద కూర్చున్నాను. బాలప్ప పేరు, వయసు, వేసుకున్న చొక్కా రంగు, అన్నీ ఆమె చెప్పినట్టే రాశాను.

"బస్టాండు కాడ దిగినాడంటనే. ఆడ ఎవురన్నా చూసినారేమో. నువ్వు కోర్టు కాడ ఉంటివి కదప్పా, నువ్వేమన్నా చూస్తివా?"

"లేదత్తా. నేను ముందే బస్సెక్కినా."

ఎవరూ చూడలేదని రాశాను. ఆమె బొటనవేలికి సిరా నేనే పూసి, కాగితం మీద నేనే ఒత్తించాను. నీకు పుణ్యముంటాదప్పా అని కళ్ళు తుడుచుకుని పోయింది. అంజనమ్మ వాకిట్లో నిలబడి అంతా విన్నది. నా మొహం చూడకుండా లోపలికి పోయింది.

పది రోజులకు తీర్పు వచ్చింది. బోరు నాదే. శ్రీరంగప్ప మాట తప్పలేదు, పైకోర్టుకు పోలేదు. నేనూ ఎక్కడికీ పోలేదు.